వలసవచ్చినవారి పటములు

‘పటము’ అను మాటకు వస్త్రమనియు, చిత్తరువనియు రెండర్థములు కలవు. నేతపనివారి బిడ్డలకు ఈ రెండును ఇంటి మాటలే. ఈ సంవత్సరము మా కుంభారి పాఠశాల వార్షికోత్సవమునందు విద్యార్థులు గోడ పొడవున వ్రేలాడదీసిన గుడ్డపటమును చూచినవారందరు మెచ్చుకొనిరి. కాని దానిప్రక్కన బల్లమీద అమెరికాదేశపు నల్లజాతి చిత్రకారుడొకని చిత్రముల నకళ్లను, నాలుగు జకార్డు అట్టలను, ఒక ఫోనును పేర్చియుంచితిమి. వానిని చూచి కొందరు పెద్దలు మమ్ము చాటునకు పిలిచి, “గురూజీ! మన పిల్లలకు మన కథయే సరిగా తెలియదు. అమెరికా నల్లవారి సంగతి వీరికెందుకు?” అని యడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. ఆ సందడిలో నిలువబడి చెప్పుటకు వీలుకాక, “పత్రికలో వ్రాసెదము” అని తప్పించుకొంటిమి. మేము ఇంటర్మీడియటు వరకు మాత్రమే చదివి ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. చిత్రకళను శాస్త్రముగా నభ్యసించినవారము కాము. పిల్లలకు చెప్పుటకై మేము చదివి తెలిసికొన్నదానినే ఇచట చెప్పుచున్నాము.

ముందు మన సంగతి. మన పెద్దలు నిజాము రాజ్యమునందలి తెలంగాణ పల్లెలనుండి పందొమ్మిదవ శతాబ్దమున సోలాపురమునకు రాసాగిరి. కరవు కొందరిని తరిమినది, కూలి కొందరిని పిలిచినది. 1877లో ఇచట నూలుమిల్లు నడువనారంభించినపిమ్మట ఆ రాక మరింత హెచ్చినది. ఆ మిల్లునే మన తాతలు ‘జూనీ గిర్నీ’ అనిరి. చేతిమగ్గముపై మొదలైన బ్రదుకు పవర్లూముమీదికి మారినది. ఇంటి ఆడువారు బీడీలు చుట్టిరి. 1960లో మహారాష్ట్ర రాష్ట్రమేర్పడినప్పుడు మనము ఆ రాష్ట్రములో భాషా మైనారిటీవారమైతిమి. మా కుంభారి సంగతి అందరెరిగినదే: గోదావరీ పరుళేకర్ గారి పేరిట బీడీ కార్మిక స్త్రీలకై కట్టిన పదివేల యిండ్లు 2006లో వారి చేతికి వచ్చినవి; 2024లో రేనగరునందు మరి పదునైదువేల యిండ్లు ఇచ్చిరి. వానివలన నగరపు పేటలనుండి మగ్గముల చప్పుడుతోపాటు తెలుగు మాటయు ఈ మెట్టపొలముల నడుమకు తరలివచ్చినది.

ఇట్లు తరతరములకు చోటు మారు జనము తన కథను ఎచట దాచుకొనును? భూస్వామికి దస్తావేజులుండును, రాజునకు శాసనములుండును. నేతగానికి, బీడీలు చుట్టు స్త్రీకి ఏమున్నది? ఒకప్పుడు మనకు పటముండెను.

మా బాల్యమున వేసవి సెలవులకు సిరిసిల్ల ప్రాంతమునందలి మా మేనమామగారి గ్రామమునకు పోయినప్పుడు కూనపులివారి కథను రెండు రాత్రులు వింటిమి. రెండు గుంజల నడుమ అడ్డకఱ్ఱ కట్టి దానినుండి ఎఱ్ఱని నేలగల పొడవైన గుడ్డను వ్రేలాడదీసిరి. పెట్రోమాక్సు వెలుతురున ప్రధాన కథకుడు పుల్లతో ఒక్కొక్క బొమ్మను చూపుచు మార్కండేయ పురాణమును పాడుచుండెను. ఒక వరుసలోని బొమ్మలు ముగియగానే గుడ్డను విప్పి క్రింది వరుసను చూపును. మార్కండేయుని యజ్ఞము, భావనాఋషి పుట్టుక, తామరతూడుల నారతో ఆయన దేవతలకు వస్త్రములు నేయుట, పెద్దపులి, సూర్యుని కుమార్తె భద్రావతితో పెండ్లి, ఇట్లు కథ సాగినది. అంతకన్న మాకు బాగుగా జ్ఞాపకమున్నది గోత్రముల పఠనము. పద్మశాలీల నూటొక్క గోత్రములని చెప్పుదురు. తమ గోత్రము పేరు వినబడినప్పుడు మా మేనమామగారు భుజముమీది తువ్వాలును సవరించుకొని నిటారుగా కూర్చుండిరి. రోజంతయు షావుకారు ఎదుట వంగియుండు మనిషి ఆ రాత్రి నిటారుగా కూర్చుండుట మేము చూచితిమి.

ఈ పటములను వ్రాయువారు నకాశీలు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనున్న చేర్యాల ఆ కళకు ప్రసిద్ధి. ధనాలకోట వైకుంఠముగారి కుటుంబమువారు ఈ కాలమువరకు దానిని నిలిపినవారిలో ముఖ్యులు. ఖాదీగుడ్డకు గంజి పెట్టి, సుద్దమట్టిని, చింతగింజల అంబలిని, చెట్టుబంకను కలిపి పూతలు పూసి, ఆరినపిమ్మట బొమ్మలు వ్రాయుదురు. గంజి సంగతి మన యిండ్లలో ఎవ్వరికిని వేరుగా చెప్పనక్కరలేదు. కూనపులివారు పద్మశాలీలకు చెప్పునట్లే, గౌడులకు, ముదిరాజులకు, గొల్లలకు, మంగలివారికి, మాదిగలకు వేరువేరు కథకులును, వేరువేరు పటములును కలవు. ఒక్కొక్క కులమునకు తన పుట్టుపూర్వోత్తరముల కథ తన పటముననే యుండును. పెద్ద గ్రంథములలో చోటు దొరకనివారికి ఇచట మొదటి వరుసలోనే చోటు దొరకినది.

ఇందు ఒక ఆచారము మమ్ము చాల ఆలోచింపజేసినది. పటము చినిగి పాతబడినప్పుడు, దానిని చూచి క్రొత్తది వ్రాయించుకొని, పాతదానికి పూజచేసి నీటిలో విడిచెడివారు. అనగా మనవారు దాచుటవలనగాక తిరిగి వ్రాయించుటవలన కథను బ్రదికించిరి. పాడువాడును వ్రాయువాడును ఉన్నంతకాలము ఇది మంచి పద్ధతియే. వారిలో ఒకరు లేకున్నచో నీటిలో విడిచినది మరి తిరిగి రాదు. అట్టి పటములు కొన్ని హైదరాబాదునందలి జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియమువంటి చోట్ల భద్రముగానున్నవి. కాని అవి మన చేతినుండి జారి సేకర్తలచేత చిక్కి నిలిచినవి.

ఇక అమెరికా సంగతి. అచటికి ఆఫ్రికానుండి నల్లజాతివారిని బానిసలుగా పట్టి తెచ్చి, ముఖ్యముగా దక్షిణ రాష్ట్రములలో పత్తిచేలయందు పని చేయించిరి. మనము నూలు వడికి నేసి బ్రదికితిమి. వారు ఆ పత్తిని ఏరుచు కొరడా దెబ్బలు తినిరి. 1850, 1860 సంవత్సరముల జనాభా లెక్కలలో బానిసలకు ప్రత్యేకమైన పట్టికలు వ్రాసిరి. వానిలో యజమాని పేరుండును, బానిస పేరుండదు. వయస్సు, ఆడయో మగయో, శరీరచ్ఛాయ, ఇంతమాత్రమే. 1870 లెక్కలలోగాని వారందరి పేర్లు కాగితముమీదికి రాలేదు. కావున నేడొక నల్లజాతి విద్యార్థి తన తాతతాతను వెదకుచు 1870 దాటి వెనుకకు పోయినచో, అచట పేరు లేని అంకెలు మాత్రము కనబడును. విద్యార్థులారా, ఈ వాక్యమును మరియొకసారి చదువుడు.

ఈ లోపమును పూరింపబూనినవారిలో ఒకడు ఆర్తురో షోంబర్గు. ఆయన 1874లో ప్యూర్టోరికో ద్వీపమున జన్మించెను. బాల్యమున ఒక ఉపాధ్యాయుడు “నల్లవారికి చరిత్రయే లేదు” అనెనట. (ఉపాధ్యాయులమైన మేము ఇట్టి మాటలు విని సిగ్గుపడవలెను.) ఆయన ధనికుడు కాడు; న్యూయార్కులో ఒక బ్యాంకునందు ఉత్తరముల విభాగమున ఉద్యోగి. అయినను దేశదేశముల నల్లజాతివారు వ్రాసిన పుస్తకములను, జాబులను, వ్రాతప్రతులను, బొమ్మలను జీవితాంతము కొని పోగుచేసెను. 1926లో న్యూయార్కు పౌరగ్రంథాలయము, కార్నెగీ సంస్థ యిచ్చిన పదివేల డాలర్లతో ఆ సేకరణమును కొని, నల్లజాతివారి పేటయగు హార్లెమునందలి తన శాఖలో నుంచినది. అందు అయిదువేలకు పైబడిన పుస్తకములుండెను. 1938లో ఆయన మరణించెను. నేటికిని ఆ గ్రంథాలయమునకు ఆయన పేరే.

ఆ గ్రంథాలయమునకు వచ్చిన పాఠకులలో జేకబ్ లారెన్స్ అను యువకుడొకడు. అతడు 1917లో జన్మించెను. తల్లిదండ్రులు దక్షిణమునుండి ఉత్తరమునకు వలసవచ్చినవారు. పదమూడవ యేట అతడు హార్లెము చేరెను. ఆ కాలమున నల్లజాతివారు లక్షలకొలది దక్షిణపు పత్తిచేలను విడిచి ఉత్తరపు కర్మాగారములకు వలసపోవుచుండిరి. 1916 ప్రాంతమున మొదలై 1970 వరకు ఇట్లు కదలినవారు సుమారు అరువది లక్షలని చరిత్రకారులు చెప్పుదురు. లారెన్స్ ఆ గ్రంథాలయమున కూర్చుండి పత్రికలు, పుస్తకములు చదివి వ్రాసికొని, 1940–41లో ఆ వలసకథను అరువది చిన్న పలకలమీద చిత్రించెను. ఒక్కొక్క పలక పదునెనిమిది అంగుళముల పొడవు, పండ్రెండంగుళముల వెడల్పు. ప్రతి పలకక్రిందను ఒక చిన్న వాక్యము. కూనపులివాని బొమ్మయు పాటయు ఎట్లో, ఇతని బొమ్మయు వాక్యమును అట్లు.

అతడు పనిచేసిన పద్ధతి నేతగాండ్రకు నచ్చును. ఒక పలకను ముగించి మరియొకటి మొదలుపెట్టలేదు. అరువది పలకలను వరుసగా పరచి, ఒక రంగును కలిపి, ఆ రంగు కావలసిన ప్రతి పలకమీదను పూసి, పిమ్మట రెండవ రంగును కలిపెను. అందువలన మొదటి పలకలోని పసుపును చివరి పలకలోని పసుపును ఒక్కటే. ఒక్క పడుగుమీద నేసిన అరువది చాదర్లవలె నుండును. పలకలను సిద్ధపరచుటకు అతనికి తోడ్పడిన చిత్రకారిణి గ్వెండొలిన్ నైట్. 1941లో ఆమెను అతడు వివాహమాడెను. అందులో పత్తికాయను తొలిచిన పురుగు కలదు, వరద కలదు, రైల్వేస్టేషను గుంపు కలదు. బట్టలుతుకు స్త్రీయొకతె పెద్దతొట్టిలో రంగురంగుల గుడ్డలను కఱ్ఱతో కలియబెట్టుచుండును. నల్లబల్లమీద అంకెలు వ్రాయుచున్న ముగ్గురు బాలికలు కలరు. మా ఏడవ తరగతి బాలికలు ఆ చిత్రము ఎదుటనుండి కదలలేదు. 1942లో సరిసంఖ్య గల పలకలను న్యూయార్కు మ్యూజియమొకటియు, బేసిసంఖ్య గలవానిని వాషింగ్టనునందలి ఫిలిప్స్ చిత్రశాలయు కొనినవి. కథ రెండు నగరములకు పంచబడినది! అన్నదమ్ముల పంపకములు మనమెరుగనివి కావు గాని, ఇట్టి పంపకము మేము విని యుండలేదు.

నల్లజాతి యనగా సముద్రముల ఆవలి సంగతియని యనుకొనరాదు. హైదరాబాదు నడిబొడ్డున ‘ఏ.సి. గార్డ్స్’ అను పేట కలదు. ఆ రెండక్షరములకు ఆఫ్రికన్ కావల్రీ, అనగా ఆఫ్రికా ఆశ్వికదళమని అర్థము. నిజాము కొలువునందలి సిద్దీ సైనికుల నివాసమది. వారి సంతతివారు నేటికిని అచట కలరు. పెండ్లియూరేగింపులలో వినబడు మర్ఫా వాద్యమును హైదరాబాదులో నిలిపినవారిలో వారును ఉన్నారు. తాతల భాష పోయినను డోలు దెబ్బ నిలిచినది.

అట్టల సంగతికి వచ్చెదము. ప్రదర్శనమున ఎక్కువమంది చిన్నపిల్లలు గుమిగూడినది దానివద్దనే. మన సోలాపురపు చాదరుమీద నెమళ్లును, పూవులును నేయునది జకార్డు. ఫ్రాన్సుదేశమున లియోన్ నగరపు జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతమున దానిని రూపొందించెను. ఒక్కొక్క పేకపోటుకు ఒక్కొక్క అట్ట. అట్టలో బెజ్జమున్నచోట సూది లోనికి దూరును, కొక్కెము లేచును, ఆ పడుగుపోగు పైకి వచ్చును. బెజ్జము లేనిచోట సూది వెనుకకు పోవును, పోగు క్రిందనే నిలుచును. ఉన్నది, లేదు, ఈ రెండు మాటలతోనే నెమలి పురి విప్పును. అట్టలన్నింటిని దారముతో కుట్టి మాలగా త్రిప్పినచో నెమలి మరల మరల వచ్చుచుండును. 1839లో జకార్డు రూపమునే పట్టుగుడ్డపై నేసిరి. దానికి ఇరువదినాలుగువేల అట్టలు పట్టినవట. లెక్కలు చేయు యంత్రమును కల్పింపజూచిన ఇంగ్లాండువాడు చార్లెస్ బాబేజి తన యంత్రమునకు ఈ అట్టలనే ఊహించెను. నేడు కొన్ని కార్ఖానాలలో అట్టలు పోయి కంప్యూటరే కొక్కెములను లేపుచున్నది. మన మగ్గమునుండి పోయిన విద్య మన మగ్గమునకే తిరిగివచ్చినదని మేము పిల్లలకు చెప్పుచుందుము.

కాని ఆ విద్య నడుమ ఎచటికి పోయి వచ్చినదో చెప్పక విడువరాదు. 1890లో అమెరికా జనాభాను లెక్కించుటకు హెర్మన్ హోలరిత్ అను నతడు బెజ్జముల కార్డులను వాడెను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క కార్డు. అందు వయస్సునకొక బెజ్జము, పుట్టినచోటున కొకటి, శరీరవర్ణమున కొకటి. తెలుపా, నలుపా, నలుపులో ఎన్నవ పాలు అని కూడ ఆ యేటి లెక్కలలో విభజించిరి. మగ్గముపై నెమలిని నేసిన బెజ్జము మనిషిని రంగునుబట్టి వేరుచేయు బెజ్జమైనది. వింత యేమనగా, ఆ లెక్కల మూలపత్రములలో అధికభాగము 1921లో వాషింగ్టనున జరిగిన అగ్నిప్రమాదమువలన పాడైనది. బానిసత్వము పోయిన ఇరువదియైదేండ్లకు ఆ కుటుంబములు ఎచ్చటెచ్చట నుండెనో చెప్పు కాగితములట్లు పోయినవి.

యంత్రము ఇప్పుడు మొగమును చూచి మనిషిని పోల్చుచున్నది. మసాచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుచున్న జాయ్ బులంవీని అను నల్లజాతి యువతి మొగమును అట్టి యంత్రమొకటి పోల్చలేకపోయినది. తెల్లని ముసుగు ధరించినప్పుడు పోల్చినది. 2018లో ఆమెయు, తిమ్నిత్ గెబ్రూ అను శాస్త్రజ్ఞురాలును మూడు వ్యాపారసంస్థల యంత్రములను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. తెల్లని పురుషుల విషయమున ఆడయో మగయో చెప్పుటలో తప్పు నూటికి ఒకటికన్న తక్కువ. నల్లని స్త్రీల విషయమున ఒక యంత్రమునకు తప్పు నూటికి 34.7 వరకు పోయినది. కారణము మిక్కిలి సులభముగా తెలియును. యంత్రమునకు నేర్పుటకు చూపిన ఫోటోలలో నల్లని స్త్రీలు స్వల్పము. తరగతిలో చెప్పని పాఠమును పరీక్షలో వ్రాయుమన్నట్లే. బులంవీని శాస్త్రవ్యాసముతో ఊరకుండక, ఆ ఫలితములను ఒక కవితగా చదివి చలనచిత్రముగా చేసినది. బానిసత్వమునుండి బయటపడి స్త్రీల హక్కులకై మాటలాడిన సొజర్నర్ ట్రూత్ పాతఫోటోను చూచి యంత్రము పురుషుడనుట అందు చూపబడినది. పట్టికలలో సంఖ్య చెప్పనిది అచట మొగము చెప్పినది.

స్టెఫనీ డింకిన్స్ అను మరియొక నల్లజాతి కళాకారిణి వేరుదారి పట్టినది. 2018లో ఆమె మాటలాడు యంత్రమొకటి చేసి, తన కుటుంబమునందలి మూడుతరముల స్త్రీలు చెప్పిన కథలను మాత్రము దానికి నేర్పినది. ఎవరైనను ప్రశ్న వేసినచో ఆ యంత్రము ఆ కుటుంబపు జ్ఞాపకములనుండి బదులు చెప్పును. నేర్చినది స్వల్పముకావున అది అప్పుడప్పుడు పొంతనలేని మాటలు పలుకునట. అయినను ఆమె దానిని ఊరివారి మాటలతో నింపలేదు. ఆ పట్టుదల మాకు నచ్చినది. షోంబర్గు పుస్తకములను దాచెను. లారెన్స్ వానిని చదివి బొమ్మలు వ్రాసెను. ఈమె ఇంటివారి మాటలనే యంత్రములో పోసినది. ముగ్గురి పనియు ఒకటే: ఇతరులు వ్రాసిన పట్టికలో అంకెగా నుండక తమ కథను తాము చెప్పుకొనుట.

దీనిని చదివి మా తొమ్మిదవ తరగతివారు తమ నాయనమ్మల, అమ్మమ్మల మాటలను ఫోనులో పట్టి, ఆ ఫోనుచేతనే తెలుగులో వ్రాయింపజూచిరి. ఒక వృద్ధురాలు, “గిర్నీ భోంగా కొట్టంగనే మా అయ్య లేస్తుండె” అని చెప్పినది. గిర్నీ అనగా మిల్లు, భోంగా అనగా దాని కూత. సోలాపురమున పసివానికిని తెలియును. యంత్రము దానిని ‘గిరిని బొంగు’ అని వ్రాసినది. పిల్లలు కడుపుబ్బ నవ్విరి, మేమును నవ్వితిమి. పిదప ఆలోచించితిమి. తెలంగాణ యాస, మరాఠీ మాట, ఉర్దూ పలుకు కలిసిన మన తెలుగును ఆ యంత్రమునకు ఎవ్వరును చెప్పియుండలేదు. మన తెలుగు దానికి లేనే లేదు. ఆ బాలుడు “ఫోను తప్పు వ్రాసినది” అనుటకు మారుగా “అమ్మమ్మకు తెలుగు సరిగా రాదు” అనియుండిన ఏమగును? అట్లనువారిని మేము చూచియున్నాము.

ఇచట మా తప్పునొకదానిని ఒప్పుకొనవలసియున్నది. ఇరువది సంవత్సరములక్రిందట నగరమున మరియొక పాఠశాలలో మేము సహాయోపాధ్యాయులముగా నుండగా, ఒక గదిని ఖాళీచేయవలసివచ్చి, పనికిరాని కాగితముల జాబితా వ్రాయుమని మాకు చెప్పిరి. చెదలు పట్టిన పాత దాఖలు రిజిస్టర్లు కొన్ని ఆ గదిలో నుండెను. అట్టలు పోయినవి, మోడీ అక్షరములలో ఎవరో వ్రాసిన పుటలు కొన్ని, తెలుగులో కొన్ని. వానిని తెరచి చూడక జాబితాలో చేర్చి సంతకము చేసితిమి. అవి తూకమునకు అమ్ముడుపోయినవి. పోయిన సంవత్సరము విడి ఘర్కులునుండి బీడీలు చుట్టు తల్లియొకతె కూతురిని వెంటబెట్టుకొని మాయొద్దకు వచ్చినది. కులధ్రువపత్రమునకై, తాత ఈ రాష్ట్రమున నివసించి చదివెననుటకు పాత ఆధారము కావలెననిరట. “మా మామ మీరు మునుపు పనిచేసిన బడిలోనే చదివిండు సార్. ఒక్క కాగితం ఇప్పించుండ్రి” అని యడిగినది. ఆయన చేరిన సంవత్సరమడిగితిమి. మేము సంతకము చేసిన జాబితాలోని సంవత్సరములలో అదియొకటి. ఆమెతో ఏమి చెప్పితిమో ఇచట వ్రాయజాలము. గడువుదాటి, ఆ యేడు ఆ బాలికకు ఫీజు రాయితీ దొరకలేదు. అమెరికా జనాభా కాగితములు అగ్నిప్రమాదమునకు గురియైనవని పైన వ్రాసితిమి. మనకు అగ్ని అక్కరలేదు, ఒక్క సంతకము చాలును.

పటము చేయవలెనను తలంపు పిమ్మట కలిగినది. పవర్లూము నడుపు తండ్రి యొకరు ఆరుగజముల కోరాగుడ్డ ఇచ్చిరి. పిల్లలు చింతగింజలు వేయించి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి పూసిరి. సగము పని ముగియునప్పటికి పాఠశాలలోని చీమలన్నియు దానిపైనే చేరినవి! సుద్ద మరికొంత కలిపి రెండవమారు పూసితిమి. ఎఱ్ఱనేల, నల్లని గీత నకాశీలవే. వరుసలు మాత్రము పిల్లలు నిర్ణయించినవి. ఆరంభముననే వాదము వచ్చినది. భావనాఋషితో మొదలుపెట్టవలెనని కొందరు. తరగతిలో అన్ని కులములవారును, ముసల్మానులును కలరు గనుక ఎద్దులబండితో మొదలుపెట్టవలెనని కొందరు. రెండు దినములు పోట్లాడుకొని, పైఅంచున పెద్దపులిని, తామరలను వ్రాసి, మొదటివరుసలో బండిని పెట్టుకొనిరి. ఆ తీర్పు మాది కాదు, వారిదే.

మొదట గీసిన చిత్తుబొమ్మలలో మగ్గము ముందర పురుషుడు, మిల్లు వాకిట పురుషుడు, మోర్చాలో పురుషుడు ఉండెను. లారెన్స్ పలకలోని బట్టలుతుకు స్త్రీని చూచినపిమ్మట ఒక బాలిక, “మా అమ్మ ఏది సార్?” అని యడిగినది. దానితో నాలుగు, అయిదు వరుసలు మారినవి. ఇప్పుడందు చాట, తునికాకు, కత్తెర, దారపుకండె, వానితో అరుగుమీద వరుసగా కూర్చున్న ఆడువారు కలరు. వారి చేతులను పిల్లలు పెద్దవిగా వ్రాసిరి. ఆ చేతులు కలవారు ప్రదర్శనమునకు వచ్చి, ఇది ఎవరు, అది ఎవరు అని వ్రేలుపెట్టి చూపుకొనిరి. పెద్దల ప్రశ్నకు మా సమాధానము ఆ రెండు వరుసలే. వారి పలకను చూడకున్నచో మన అమ్మలు మన పటమునకు ఎక్కియుండరు.

పటము ఇప్పుడు కఱ్ఱకు చుట్టబడి కార్యాలయపు ఉక్కుబీరువాలో, వేపాకుతోకూడ ఉన్నది. దాని క్రిందికొనను కుట్టకుండ విడిచితిమి. వచ్చు సంవత్సరపు తరగతివారు రెండుగజములు చేర్తురు. నాయనమ్మల మాటలను పిల్లలే విని, తమ చేతితో, పలికిన పలుకు పలికినట్లు నోటుపుస్తకములలో వ్రాసిరి. అవియు ఆ బీరువాలోనే కలవు. మీ యిండ్లలో పాత దాఖలా, మిల్లు టికెట్టు, బీడీకార్డు, రేషనుకార్డు, అద్దెరసీదు, ఊరినుండి వచ్చిన జాబు, తుదకు చినిగిన సగము కాగితమైనను సరే, ఉన్నచో శనివారము ఉదయము పాఠశాలకు తెచ్చి చూపగోరుచున్నాము. ఫోటో తీసికొని ఆ పూటనే తిరిగి ఇచ్చెదము. కాగితము లేనివారు వచ్చి మాట చెప్పినను వ్రాసికొందుము.